గండి చెరువులో మూడో కేక

పొద్దు వాలాక గండి చెరువు పక్కనుంచి నడిచిన మగాడు మా వైపు లేడు. ఆడవాళ్ళ సంగతి అడగనే అక్కర్లేదు. కుక్కలు కూడా ఆ పుంతదారి మొదటికి వచ్చేసరికి తోక ముడిచి చుట్టుదారి పట్టేవి. ఇవన్నీ కోతలనుకునేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు... వెళ్ళేటప్పుడు మాత్రం ఆ పుంతన వెళ్ళమనండి, చూద్దాం.

కడియం నర్సరీలు దాటి గోదారి గట్టుకి పోతుంటే ఎడమచేతివైపు వస్తుంది ఆ చెరువు. మనిషి తవ్వింది కాదు. మా తాతల నాటి వరదలో గట్టు తెగింది. తెగిన చోట గోదారి సుడి తిరిగి, కుమ్మరి కుండని తొలిచినట్టు భూమిని తొలిచేసి పోయింది. తర్వాత గట్టు పోశారు గాని ఆ గొయ్యి పూడ్చే మొనగాడు పుట్టలేదు. లోతంటారా — తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టండి, పై చెట్టు మట్టలు తడవకపోతే నన్నడగండి. చుట్టూ మనిషెత్తు తుంగ. మధ్యలో నల్లటి నీళ్ళు.

ఆ నీళ్ళ మీద నుంచి చీకటిపడ్డాక కేక వినిపిస్తుంది.

"రండర్రా..."

కాసేపాగి మళ్ళీ — "రండర్రా..."

అంతే. మూడోది ఉండదు.

మూడోది లేకపోవడంలోనే ఉంది భయమంతా. చీకట్లో ఎవరు పిలిచినా మొదటి పిలుపుకి పలకకూడదు, రెండో పిలుపుకీ పలకకూడదని మా వైపు ఉగ్గుపాలతోనే నేర్పుతారు. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. దెయ్యానికి రెండు పిలుపులే. ఆ రెండిట్లో దేనికి పలికినా, పలికినవాడి ప్రాణం ఆ గొంతు వెంట పోతుంది.

పిలిచేది ఎవరో కూడా ఊరికి తెలుసు. అచ్చాయమ్మగారి పెద్దకొడుకు, పెదబాబు.

ఒక శ్రావణమాసంలో గోదారి ఎర్రగా పొంగి గట్టుకి గడ్డం ఆనించింది. తప్పిపోయిన దూడని వెతుక్కుంటూ పెదబాబు చీకట్లో చెరువు వైపు వెళ్ళాడు. గట్టు మీద వరద కాపలా ఉన్నవాళ్ళు పదిమంది. లాంతర్లు, తాళ్ళు, గోనె బస్తాలు అన్నీ ఉన్నాయి వాళ్ళ దగ్గర. కేక విన్నారు. లేవబోయారు. రైసుమిల్లు గుమాస్తా గోపాలకృష్ణమూర్తిగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగండి. మూడోది రానివ్వండి."

రెండో కేక కూడా విన్నారు. ఆగారు... మూడోది రాలేదు. తెల్లారాక తుంగలో దొరికాడు పెదబాబు. పిడికిట్లో వేళ్ళతో సహా ఊడొచ్చిన తుంగ ఉందట.

మూర్తిగారు ఆ కథని ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఆయన లెక్క ప్రకారం, కేక వినబడేసరికే పెదబాబు పోయాడు. పిలిచింది అతని దెయ్యం, తోడు కోసం. "నేను ఆ రాత్రి చెయ్యి అడ్డం పెట్టకపోతే పది పాడెలు లేచేవి ఊళ్ళో" అనేవారు కళ్ళజోడు తుడుచుకుంటూ. మిగతా తొమ్మిదిమంది ఇళ్ళలోనూ పండక్కి ఆయనకి కొత్త కండువా పెట్టేవారు, ప్రాణాలు కాపాడినందుకు.

ఆ కథ నమ్మనివాడు ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. పెదబాబు తమ్ముడు బుల్లిరాజు.

బుల్లిరాజు గురించి చెప్పకుండా ముందుకు పోతే పాపం చుట్టుకుంటుంది నాకు. కడియంలో సైకిలు షాపు ఆయనది. అయితే సైకిళ్ళు బాగుచేయడం పొట్ట కోసం, గాలం వెయ్యడం ప్రాణం కోసం. ఆయన వెదురు గెడ భుజాన వేసుకుని కాలవగట్టున నడుస్తుంటే ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర చేపలు పిల్లలకి అప్పగింతలు పెట్టేవి. ఒకసారి ఆయన పట్టిన శీలవతి చేపని ఎడ్లబండి మీద తెస్తుంటే బండి ఇరుసు విరిగింది. ఇంకోసారి రాజమండ్రి రేవులో గాలం వేసి లాగితే, చేపతోపాటు లాంచీ కూడా నాలుగు గజాలు ఇవతలికి వచ్చింది. డ్రైవరు దిగి దణ్ణం పెట్టాడు. చూసినవాళ్ళు చెప్పారు నాకు.

అంత మనిషిని ఇంట్లో చినబాబు అని పిలిచేవాడు అన్న. అన్న ఒక్కడే. అన్న పోయాక ఆ పిలుపూ పోయింది. తల్లి కూడా "ఒరే బుల్లీ" అనేది గాని ఆ పేరు నోటికి తెచ్చుకునేది కాదు.

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటేడు, మాఘమాసంలో జరిగింది ఇది.

ఒకరోజు అచ్చాయమ్మగారు కూరల బుట్టతో వీధిన పోతున్నారు. ఎవరింట్లోనో పసివాడు అన్నం వద్దని మారాం చేస్తున్నాడు. వాళ్ళమ్మ ముద్ద చూపించి బెదిరించింది — "తింటావా, పెదబాబుని పిలవనా."

అచ్చాయమ్మగారు ఆగలేదు. తల తిప్పలేదు. బుట్ట ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుని వెళ్ళిపోయారు. వెనకే సైకిలు మీద వస్తున్న బుల్లిరాజు చూశాడు ఆ చెయ్యి మార్చుకోవడాన్ని.

ఆ సాయంత్రం నాగరత్నం కాఫీ హోటల్లో మూర్తిగారి బల్ల ముందు నిలబడ్డాడు.

"మూర్తిగారూ, ఆ రాత్రి పిలిచింది మా అన్నేనండి. బతికున్న మా అన్న."

మూర్తిగారు కళ్ళజోడు తీశారు. "బతికున్నవాడైతే మూడోసారి పిలిచేవాడు కదయ్యా."

"నీళ్ళు మింగేవాడికి మూడోసారి పిలిచే తీరుబడి ఉంటుందాండి?"

ఆ రాత్రి గట్టు మీదున్నవాళ్ళు నలుగురైదుగురు అక్కడే ఉన్నారు. ఒకాయన ఇడ్లీ తుంచినవాడు తుంచినట్టే ఉండిపోయాడు.

"అన్న మీద ప్రేమ ఉండాల్సిందేనయ్యా" అన్నారు మూర్తిగారు, గొంతు తగ్గించి. "కాని మా పదిమందినీ హంతకుల్ని చేస్తానంటే ఎలా?"

"మిమ్మల్ని నేనేమీ చెయ్యట్లేదండి. మా అన్నని దెయ్యం చెయ్యొద్దంటున్నా."

"మేం చేసేదేముంది? వెళ్ళి వినిరా. చేపల మనిషివి కదా, ఆ చెరువులో ఎవడూ గాలం వేసినవాడు లేడు. పొద్దున్నుంచి కూర్చో. పొద్దుగూకాక కూడా కూర్చో. రెండు కేకలూ విని, అప్పుడొచ్చి చెప్పు ఎవరో."

"రెండోదాకా ఎందుకండీ? మొదటి కేకకే లేస్తాను."

"పారిపోయి వస్తే?" అంది కాఫీ వడపోస్తున్న నాగరత్నం.

"పారిపోయి వస్తే ఈ గెడ విరిచి నీ పొయ్యిలో పెడతాను నాగరత్నం. మా అన్న దెయ్యమేనని ఈ వీధిలో నిలబడి నా నోటితోనే చెబుతాను. రాకుండా కూర్చున్నానా — ఆ చెరువులో బొచ్చె చేపని తెచ్చి నీ గుమ్మానికి వేలాడదీస్తా. దాని తోక నేలమీద దేకాలి. ఆ రోజునుంచి మా అన్న పేరు చెప్పి ఎవరూ పిల్లలకి అన్నం పెట్టకూడదు."

"అలాగే" అన్నారు అందరూ. మూర్తిగారు మాత్రం తుడిచిన కళ్ళజోడునే మళ్ళీ తుడుస్తున్నారు.

ఆయన భయం కూడా చిన్నదేం కాదు. పెదబాబు దెయ్యం కాకపోతే, అన్నేళ్ళూ కప్పుకున్న కండువాలన్నీ ఏమవ్వాలి?

మర్నాడు తెల్లవారకముందే అచ్చాయమ్మగారు టిఫిన్ డబ్బాలో చద్దన్నం, మాగాయ ముక్క పెట్టారు. వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. గుమ్మం దాకా వచ్చి ఒక్కమాటన్నారు.

"ఎవరు పిలిచినా పలకరా బుల్లీ."

తోడు ఏసురాజు వచ్చాడు. నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టే మనిషి, ఆదివారం లూథరన్ చర్చిలో డోలక్ వాయించే మనిషి. బుల్లిరాజు పట్టిన చేప మోయడానికి ఊళ్ళో ఇతని భుజాలు తప్ప చాలేవి కావు.

"మీకు దెయ్యాలు లేవుగా ఏసురాజూ, వణుకెందుకు?"

"దెయ్యాల్ని వెళ్ళగొట్టమనే చెప్పారండి మాకు. పక్కన కూర్చుని గాలం వెయ్యమని ఎక్కడా చెప్పలేదు."

"మంచు పడుతోంది, అందుకని వణుకుతున్నావనుకుంటాలే."

"అలాగే అనుకోండి, మీకు పుణ్యముంటుంది."

తూర్పు ఎర్రబడేసరికి గట్టువైపు తుంగ కోసి కూర్చునే జాగా చేసుకున్నారు. వేయించిన తవుడు, వేరుశనగ చెక్క, బెల్లం, మాగిన అరటిపండు కలిపి బుల్లిరాజు మేత ఉండలు చేశాడు. ఒక్కొక్కటీ టెంకాయంత. వాటిని విసిరితే చెరువు మధ్యలో పడి, వాసన సామర్లకోట దాకా పోయింది.

నెమలీక కాడ బెండుగా కట్టి, మొదటి గాలం వేశాడు. బెండు నీళ్ళ మీద నిటారుగా నిలబడింది.

అంతే... చెరువు ఊపిరి బిగబట్టినట్టయింది.

మాఘమాసపు పొద్దు పైకొచ్చింది. గాలికి నర్సరీ లిల్లీల వాసన తేలివస్తోంది. బెండు పక్కన ముత్యాల్లాంటి బుడగలు లేచాయి. ఒకటి... మూడు... కుప్పగా. బెండు ఒకసారి తల ఊపి పక్కకి జారింది. బుల్లిరాజు మణికట్టు తిప్పాడు.

ఇక ఆ పూట చూడాలి. ఎన్నేళ్ళుగానో గాలం ముఖం చూడని చేపలు. శీలవతి మీద శీలవతి. గాలం నీళ్ళకి తగలకముందే ఎగిరి అందుకున్నవి కొన్ని. వరస తప్పిందని ఒకదాన్నొకటి తోసుకున్నవి కొన్ని. మధ్యాహ్నానికి తెచ్చిన గోనెలు నిండి, ఏసురాజు తలపాగా నిండి, టిఫిన్ డబ్బా కూడా నిండింది. వేలెడంత వాటిని బుల్లిరాజు తిరిగి నీళ్ళలో వదిలేశాడు. వేలెడంతంటే ఆయన లెక్కలో అయిదారు కిలోలు.

"చాలండి. పోదాం. పొద్దింకా నడినెత్తినే ఉంది" అన్నాడు ఏసురాజు.

"బొచ్చె పడలేదు."

"ఇన్ని పడ్డాయి కదండీ."

"ఇవి నాగరత్నం గుమ్మానికి సరిపోవు. నేను వచ్చింది కూర కోసం కాదు ఏసురాజూ."

బుల్లిరాజు చూపు బెండు మీదనుంచి జారి, అవతలి ఒడ్డు తుంగ మీద పడింది. అక్కడే దొరికాడు అన్న. చేపలు పడుతున్నంతసేపూ గుర్తురాకుండా ఉన్న చోటు... ఒక్కసారి చూశాక మరి కళ్ళు తిప్పుకోనివ్వలేదు.

సాయంత్రం బెండు కదలడం మానేసింది. కొంగలు ఒక్కొక్కటే లేచిపోయాయి. గాలి పడిపోయింది. దూరంగా కడియం స్టేషనులో బొగ్గింజను కూత వేసి, అదీ ఆగింది. గట్టు మీద, చెరువుకి చాలా దూరంలో, లాంతర్లు ఒకటొకటిగా గుమిగూడుతున్నాయి. బుల్లిరాజు పారిపోయి రావడం చూడ్డానికి ఊరు వచ్చి కూర్చుంది.

చీకటి అంచు నీళ్ళని తాకింది. ఏసురాజు వెంట తెచ్చిన లాంతరు వెలిగించాడు.

అప్పుడు... తుంగలోంచి —

"చప్..."

ఏసురాజు బుల్లిరాజు పక్కకి జరిగాడు.

"చప్... చప్..."

ఎవరో పళ్ళులేని ముసలివాళ్ళు చీకట్లో కూర్చుని అన్నం మెక్కుతున్నట్టుంది. ముందు ఒకచోట. తర్వాత రెండుచోట్ల. తర్వాత చుట్టూరా.

"తింటోందండి" అన్నాడు ఏసురాజు, పెదాలు కదలకుండా.

బుల్లిరాజు ముందుకి వంగి చెవి పెట్టాడు. విన్నాడు. భుజాలు అదరడం మొదలెట్టాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాడు ఏసురాజు. కాదు — నవ్వుతున్నాడు.

"దెయ్యం కాదురా నాయనా, బొచ్చెలు. చీకటి పడగానే పైకొచ్చి తుంగ మొదట్లో నురుగూ పురుగూ పీలుస్తున్నాయి. నోరు అంతలేసి ఉంటే చప్పుడు అంతలేసి రాదూ. ఊరంతా ఇన్నేళ్ళూ వీటి భోజనానికి భయపడి ఛస్తోంది."

"మరి కేకలో?"

"అవీ ఇలాంటివే అయ్యుంటాయి" అన్నాడు. అనగానే నవ్వు ఆగిపోయింది. అవి ఏ చేపవో, ఏ పిట్టవో అయిపోవాలని తను కోరుకుంటున్నాడా... అన్నవి అయితే బాగుణ్ణనుకుంటున్నాడా? తనకే తెలియలేదు.

బెండుని కిందికి జరిపి, గాలం నీళ్ళ పైపైనే ఉండేలా కట్టాడు. అరటిపండు ముద్ద గుచ్చి, చప్పుడు వస్తున్న చోటికి ఒద్దికగా వేశాడు.

చప్పుడు ఆగింది.

బెండు మునగలేదు. వెల్లకిలా పడుకుంది... అంతే. అడుగునుంచి ఎవరో అరచేత్తో పైకెత్తినట్టు.

బుల్లిరాజు లాగాడు. చెరువు కూడా లాగింది.

ఆ పోట్లాట చెప్పాలంటే నాకు ఒక రాత్రి చాలదు. గెడ విల్లులా వంగి కొస నీళ్ళని ముద్దు పెట్టుకుంది. నైలాను దారం వీణ తీగలా మోగింది. బుల్లిరాజు మడమలు గట్టు మట్టిలో చాలు తవ్వుకుంటూ పోయాయి, మర్నాడు చూస్తే అరక దున్నినట్టుంది. ఏసురాజు ఆయన నడుం పట్టుకుని వెనక్కి వాలాడు. ఇద్దర్నీ కలిపి లాగింది ఆ చేప. ఒకసారి పైకి తిరిగింది — లాంతరు వెలుగులో తల కనిపించింది. బానంత తల. తోక కొడితే లేచిన నీళ్ళకి లాంతరు ఆరిపోవాల్సింది, ఏసురాజు ఒళ్ళు అడ్డం పెట్టాడు.

"అలిసింది" అన్నాడు బుల్లిరాజు, పళ్ళ సందునుంచి. "వస్తోంది... ఇంక రెండు బారలు..."

అప్పుడు వినిపించింది.

"రండర్రా..."

అవతలి తుంగలోంచి. సన్నగా, సాగదీసి.

గట్టు మీద లాంతర్లు ఒక్కసారిగా కదిలి, దూరం జరిగాయి.

ఏసురాజు చేతులు ఆయన నడుం చుట్టూ బిగుసుకున్నాయి. "పలక్కండి" అన్నాడు చెవిలో. "మీ కాళ్ళు పట్టుకుంటా. మూడోది రానివ్వండి."

మొదటి కేకకే లేస్తానన్న మనిషి. ఊరి ముందు అన్న మనిషి. నోరు తెరిచాడు... గొంతు రాలేదు. ఒక్క ఊపిరి తీసేంతసేపు, బుల్లిరాజు కూడా ఆగాడు. ఆ ఒక్క ఊపిరి సంగతి తర్వాత ఆయన ఎవరి దగ్గరా దాచలేదు. ఉగ్గుపాలతో వచ్చింది ఒంట్లో ఎక్కడ దాక్కుంటుందో అప్పుడు తెలిసిందట. గెడ చివర ఊరంతా చూడాల్సిన చేప. ఎదురుగా చీకటి. ఆ రాత్రి గట్టు మీద కూర్చున్న పదిమందికీ ఇలాగే ఉండి ఉంటుంది.

నీళ్ళు ధబ్బుమన్నాయి. ఏదో పడ్డట్టు.

"రం...డ..."

రెండోది. ఇది సాగదీసిన గొంతు కాదు. తడిసిన గొంతు.

బుల్లిరాజు గెడ వదిలేశాడు.

ఏసురాజు చేతులు విడిపించుకున్నాడు. "వస్తున్నా" అని ఒక్క అరుపు అరిచాడు — కడియంలో పడుకున్న లారీడ్రైవర్లు ఉలిక్కిపడి లేచారట — అరుస్తూనే నీళ్ళలోకి దూకాడు. వదిలిన గెడ నీళ్ళ మీద గీత గీసుకుంటూ చీకట్లోకి పోయింది. ఆయన అటు చూడలేదు.

ఈదుకుంటూ అవతలి తుంగ చేరాడు. కాళ్ళకి బురద తగిలింది. గుండెల లోతు నీళ్ళు, తల మీదుగా తుంగ. చేత్తో చీలుస్తూ నాలుగడుగులు వేశాడు. ఆగాడు.

ఎటు?

చుట్టూ ఒకే నలుపు. ఒకే తుంగ. ధబధబ లేదు. బుడగల చప్పుడు కూడా లేదు.

"ఎక్కడున్నారు? పలుకుతున్నా, ఇదిగో... ఎక్కడ?"

ఏమీ లేదు.

ఇంకో అడుగు కుడివైపు వేశాడు. అటు లోతు. వెనక్కి వచ్చాడు. ఇందాక ఆగిన ఆ ఒక్క ఊపిరి గుండెల్లో రాయిలా కూర్చుంది. ఆ ఊపిరిలోనే అయిపోయిందేమో అంతా...

"ఇటు."

ఎడమచేతి పక్కన. చాలా దగ్గర.

"చినబాబూ... ఇటు."

తొందర లేదు ఆ గొంతులో. భయం లేదు. పొయ్యి దగ్గర కూర్చుని అన్నానికి పిలిచినట్టుంది.

బుల్లిరాజు ఆలోచించలేదు. ఎడమకి తిరిగి చెయ్యి ముంచాడు. బట్ట తగిలింది. బట్ట వెంట పోతే భుజం. భుజం వెంట పోతే జుట్టు. జుట్టు పట్టుకుని లాగాడు. అడుగునున్న బురద వదలనంది. అప్పటికి ఏసురాజు వచ్చి రెండో భుజం పట్టుకున్నాడు. "మూడోది వినపడిందండి. మనిషే, మనిషే" అంటున్నాడు ఆయాసపడుతూ. ఇద్దరూ కలిసి పెకలించి, ఒడ్డుకి ఈడ్చి, బోర్లా పడుకోబెట్టి వీపు మీద గుద్దారు.

నోటినుంచి బిందెడు నీళ్ళు కక్కాడు ఆ మనిషి. దగ్గాడు. మెడలో చుట్టుకున్న కండువా లాగేసి వెల్లకిలా తిప్పారు.

గోపాలకృష్ణమూర్తిగారు. కళ్ళజోడు లేదు.

అరుపు విని, ఈసారి పరుగెత్తుకుంటూ వచ్చాయి లాంతర్లు. ముందు వచ్చినవాళ్ళు చూసి, వెనక వచ్చేవాళ్ళకి దారిచ్చి, ఎవరూ ఏమీ అడగలేక చుట్టూ నిలబడ్డారు. అడగడానికేముంది? బుల్లిరాజుని పారిపోయేలా చెయ్యడానికి తుంగలో నక్కి కేక వేసింది ఎవరో కనిపిస్తూనే ఉంది.

ఏసురాజుకే నోరు ఆగలేదు. "అదృష్టం బాగుండి మూడుసార్లు పిలిచారు మూర్తిగారు. ఆ మూడో పిలుపు లేకపోతే ఎక్కడున్నారో మాకు తెలిసేదే కాదండి."

మూర్తిగారు పడుకునే తల అడ్డంగా ఊపారు.

"రెండే" అన్నారు.

"కాదండీ, మూడు. నేనూ విన్నాగా."

"రెండేనయ్యా." ఊపిరి కోసం ఆగుతూ, మాట మాట విడదీసి చెప్పారు. "మొదటిది... ఇతన్ని బెదిరించడానికి. రెండోది కాలు జారాక... నిజంగా పిలిచాను. సగంలోనే నీళ్ళు నోట్లోకొచ్చాయి. మూడోది పిలుద్దామనే అనుకున్నా... మునిగిపోయానయ్యా. తల పైకి రాలేదు. మూడోది ఎవరికీ... పిలవడానికి ఉండదు."

లాంతరు పట్టుకున్నవాళ్ళలో ఒకాయన లాంతరు కింద పెట్టేశాడు. ఆ వరద రాత్రి గట్టు మీద కూర్చున్న పదిమందిలో ఒకాయన.

"అయితే 'ఇటు' అన్నదెవరండి?" అన్నాడు ఏసురాజు. అడిగేశాక, అడగకుండా ఉండాల్సిందనుకున్నట్టు నోటిమీద చెయ్యి పెట్టుకున్నాడు.

బుల్లిరాజు అప్పటిదాకా తన చేతులకేసి చూసుకుంటున్నాడు. ఎడమచేతికి తుంగ కోసుకుని రక్తం కారుతోంది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి — ఇటు అనడం కాదు. అంతకుముందు వినపడ్డ మాట. ఊళ్ళో ఎవరికీ తెలియని, ఇంట్లో ఎవరూ పలకని ఆ పేరు.

మెల్లిగా లేచి నిలబడ్డాడు.

లాంతర్ల వెనకనుంచి అంతా విన్న అచ్చాయమ్మగారు గుంపుని తప్పించుకుంటూ వచ్చారు. మూర్తిగారు మోచేతి మీద లేవబోయారు. "అమ్మా... ఆ రాత్రి..." అన్నారు. ఆవిడ ఆగి, తడిసి ముద్దయిన ఆ కండువా తీసి పిండి, చలికి ఆయన గుండెల మీద కప్పారు. ఆయన ముఖం మాత్రం చూడలేదు. కొడుకు దగ్గరికి వచ్చారు.

చేప ఏదని అడగలేదు. దెబ్బలేమన్నా తగిలాయా అని కూడా అడగలేదు.

"వాడి గొంతు ఎలా ఉందిరా?" అన్నారు.

"మారలేదమ్మా. అలాగే ఉంది."

ఆవిడ తలూపారు. చెంగు నడుముకి దోపుకుని నీటి అంచుదాకా నడిచారు. పాదాలు తడిశాయి. చెరువు మీద ఎక్కడో గెడ ఒకటి దానంతటదే తిరుగుతోంది. తుంగలో బొచ్చెలు మళ్ళీ భోజనానికి కూర్చున్నాయి, చప్... చప్... అని.

చీకట్లో పిలిస్తే పలకకూడదని నేర్పిన ఊరు చూస్తుండగా, అచ్చాయమ్మగారు చెరువు నిండేంత గొంతుతో పలికారు.

"ఆఁ... నాన్నా."

తెల్లవారేదాకా ఆ గట్టు మీదనుంచి ఒక్కరు కదల్లేదు. ఊరు ఊరంతా చెవులు రిక్కించుకుని నిలబడే ఉంది, ఇంకొక్కసారి పిలుస్తాడేమోనని.